గోలు దగ్గర మనవాడు

మా బావ ఏలీయాకి ఫుట్‌బాల్ గురించి తెలిసిందల్లా బంతిని కాలితో తంతారని. తెనాలి అవతల మా ఊళ్ళో ఎవరైనా ఆడితే చెడుగుడు ఆడాలి, లేకపోతే పేకాట ఆడాలి. అలాంటి మనిషి ఒకరోజు పనినుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా, "లీలా, శుక్రవారం దుబాయ్ అవతల సజ్జాలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంట. ముగ్గురం పోదాం" అన్నాడు. నేను ముందు వెళ్ళి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. నర్సుని కదా, మాకు ముందు జ్వరం, తరవాతే మాట.

జ్వరం లేదు. అంతకంటే పెద్ద జబ్బే ఉంది. "బొంబాయి నుంచి మిల్లు జట్టు వస్తంది. వాళ్ళ గోల్ కీపరు యూదుడంట. పుట్టు యూదుడు" అన్నాడు.

ఇక్కడ మా సంగతి కొంత చెప్పాలి. ఏలీయా నాకు మేనమామ కొడుకు, మొగుడు. మా తాతల కాలంలో మిషనరీ దొరలు వచ్చి మా పల్లెకి బాప్తిస్మాలిచ్చారు. అందుకే అతను ఏలీయా అయ్యాడు, నేను లీలాకుమారినయ్యాను. దొరలిచ్చిన పేర్లతో, దొరలిచ్చిన పాటలతో హాయిగానే ఉండేవాళ్ళం. మేం అబుదాబి వచ్చాక ఊళ్ళో నాలుగైదిళ్ళ పెద్దమనుషులు కూర్చుని, మనం అసలు ఇశ్రాయేలు వాళ్ళం, తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం మనది, తోళ్ళు ఊనుకుంటూ డప్పు కొట్టుకుంటూ ఊరి బయట బతికినా మన ముసలివాళ్ళకి వేరే పద్ధతులుండేవి అని తేల్చి బావకి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం అందిన రోజు బావ అన్నం తినలేదు. రెండో రోజు నుంచి, యూదులు తినకూడదని, రొయ్యలు మానేశాడు.

అతను మానేస్తే అతని ఖర్మ. నాకూ మాన్పించాడు. నిజాంపట్నం రొయ్యలు తిని పెరిగిన నోరు నాది. పీతలు పోయాయి, రొయ్యలు పోయాయి, పొలుసు లేని చేపలు పోయాయి. శుక్రవారం పొద్దుగూకేసరికి వంట అయిపోవాలి. కిటికీలకి పరదాలు లాగి, రెండు కొవ్వొత్తులు నా చేత వెలిగించి, తను కాగితం మీద రాసుకున్న మాటలు చదివేవాడు. పరదాలు ఎందుకో చెప్పక్కర్లేదు. యూదుణ్ణని గుర్తు రావడానికి భూమ్మీద ఇంకెక్కడా చోటు దొరకనట్టు ఈ అరబ్బుల దేశంలో గుర్తొచ్చింది మా ఆయనకి! వీసా కాగితంలో మేం కిరస్తానీలం. పనిచోట కిరస్తానీలం. బనియాస్‌లో మా రెండు గదుల ఇంట్లో, అదీ పరదా లాగాక మాత్రం ఎఫ్రాయిము సంతానం. యూదులకి శనివారం సబ్బాతు, పని చెయ్యకూడని రోజు; ఈ దేశంలో అది పనిరోజు. సబ్బాతుని తలుచుకుని నిట్టూరుస్తూ గోడౌనుకి పోయి పైపులూ వాల్వులూ లెక్క అప్పజెప్పేవాడు.

నేనెందుకు ఒప్పుకున్నానని అడుగుతారేమో. బావ ఎప్పుడూ నన్ను ఏదీ అడిగినవాడు కాదు. గల్ఫ్ వెళ్తానంటే వెళ్ళమన్నాడు. జీతం నాకే ఎక్కువన్నా నవ్వి ఊరుకున్నాడు. మొదటిసారి ఒకటి అడిగితే కాదనలేకపోయాను. కాని అతను అడిగినవాటిలో ఒకటి మాత్రం నా ప్రాణం తీసింది. శుక్రవారం పొద్దున్న రాజ్యం ఇంట్లో జరిగే ప్రార్థన కూటానికి వెళ్ళొద్దన్నాడు.

రాజ్యం మా ఆసుపత్రిలోనే సీనియర్ నర్సు, బాపట్ల మనిషి. కోస్తా తెలుగు నర్సులందరం వాళ్ళ హాల్లో చాపలేసుకుని కూర్చుని పాడుకునేవాళ్ళం. తరవాత అందరం కలిసి భోజనం. వారమంతా అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి అరిగిపోయిన నాలుకకి అక్కడే ప్రాణం లేచొచ్చేది. వెళ్ళడం మానేశాక మొదట్లో ఫోన్లు చేశారు. తరవాత లీలాకుమారి మొగుడు క్రీస్తుని వదిలేశాడట అని ఎలాగో పొక్కింది. ఫోన్లు ఆగిపోయాయి. డ్యూటీలో ఎదురైతే, "బాగున్నావా లీలా" అని దూరంనుంచే అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. క్రిస్మస్ రోజున ఇంట్లో ఉండలేక నేనే అడిగి డ్యూటీ వేయించుకున్నాను. వార్డులో ఎవరిదో రేడియోలో పాట వస్తుంటే మందుల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. మా పాప దీనకి అప్పుడు ఎనిమిదేళ్ళు. "మనం ఎక్కడికీ ఎందుకు పోం?" అని అడిగేది.

బావ ఒంటరితనం ఇంకోరకం. నాకు దూరమైన మనుషులైనా ఉన్నారు. అతనికి అసలు మనుషులే లేరు. ఊళ్ళో నాలుగు కుటుంబాలు, ఇక్కడ తనొక్కడు. మేం యూదులమని మాకు మేం అనుకోవడమే తప్ప, యూదుడై పుట్టినవాడెవడూ మమ్మల్ని చూసి, ఔను, మీరు మావాళ్ళే అని అనలేదు. ఆ మాట ఒక్కసారి వినాలని అతని కోరిక. తలలో పుట్టిన పిచ్చి కాదు, నిజమేనని ఇంకొకడి నోటితో వినాలి.

గోల్ కీపరు సంగతి చెప్పింది ఫకీర్ సాహెబ్. బావతో గోడౌనులో పనిచేసే హైదరాబాదు ముసలాయన, వయసులో బొంబాయిలో బతికాడు, ఫుట్‌బాలంటే ప్రాణమిచ్చేవాడు. పేపర్లో జట్టు ఫొటో చూపించి, "యే సామ్సన్ హై నా, బొంబాయి పక్క ఠాణే ఊరోడు. యహూదీ హై. వాళ్ళ తాతలు నూనె గానుగలు ఆడించేటోళ్ళు. శనివారం గానుగ బంద్. అందుకని అక్కడ వాళ్ళని శనివారం తేలీలు, అంటే శనివారం గానుగోళ్ళు అంటరు" అన్నాడట, మామూలుగా, లోకంలో ఉన్న వింతల్లో ఒకటన్నట్టు. బావకి మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. శనివారం గానుగ ఆపిన తాతలు! ఆ పేపరు ముక్క అడిగి తెచ్చుకున్నాడు.

అతని ముఖం చూసి నాకు జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు నోరు తెరిచింది.

"సరే బావా, పందెం. ఆ మనిషి నిన్ను మావాడివే అన్నాడనుకో, ఇక జన్మలో ప్రార్థన కూటం మాట ఎత్తను. నువ్వేం చెబితే అదే. అనలేదనుకో, పైవారం నుంచి నేనూ దీనా రాజ్యం ఇంటికి పోతాం. నువ్వే మమ్మల్ని దింపాలి."

"సరే" అని నా చేతిలో చెయ్యి వేశాడు. అది ఎనభయ్యేడు, ఫిబ్రవరి నెల.

కంపెనీ డాట్సన్ పికప్ అడిగి తెచ్చాడు. శుక్రవారం పొద్దున్నే పులిహోరా, వేయించిన చేపలూ కట్టుకుని బయల్దేరాం. పొలుసులున్న చేపలే లెండి. ముందు సీట్లో దీన మధ్యన. దారికి రెండువైపులా ఇసుక, మధ్యలో ఎక్కడో ఒక పెట్రోలు బంకు, మళ్ళీ ఇసుక. బావ బండి తోలుతూ పెదాలు కదిలిస్తున్నాడు.

"ఏంది బావా, ప్రార్థనా?"

"కాదు. ఆయన్ని యూదుల పద్ధతిలో పలకరించాలి, షబ్బత్ షాలోమ్ అనాలి గదా. సరిగ్గా వస్తందా అని చూసుకుంటన్నా."

"షబ్బత్ షాలోమ్" అంది దీన, ఒక్క దెబ్బకి, స్కూల్లో అప్పజెప్పినట్టు. నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఎన్నాళ్ళకో అతను అలా నవ్వడం.

దారిలో ఒంటెలు కనిపిస్తే, "నాన్నా, ఒంటెని తినొచ్చా?" అని అడిగింది.

"తినకూడదు తల్లీ. నెమరేస్తది గాని గిట్ట చీలి ఉండదు."

"మరి మనకి దీన్ని పెట్టేవాళ్ళు ఎవరులే" అన్నాను నేను. మాటలు అలా సాగాయి. పొద్దుగూకాక సబ్బాతు మొదలవుతుంది కదా, తిరిగొచ్చేటప్పుడు బండి తోలొచ్చా అని అడిగాను, దెప్పిపొడవడానికే అడిగాను. అతను సీరియస్‌గా ఆలోచించి, "ఆయన్నే అడుగుదాం. వాళ్ళకి తెలిసుంటది" అన్నాడు. అతని లెక్కలో అప్పటికే ఆ కీపరు మా ఇంటి పెద్ద అయిపోయాడు. మనల్ని ఇంటికి భోజనానికి పిలిస్తే వస్తాడేమో, చేపల పులుసు చెయ్యాలి అని కూడా అన్నాడు. నాకు ఎందుకో భయం వేసింది.

సజ్జాలో ఫ్యాక్టరీ వెనకాల, లేబర్ క్యాంపుకి ఆనుకుని ఆట స్థలం. గడ్డి పరక లేదు. ఇసుకని రోలర్‌తో తొక్కించి, సున్నంతో గీతలు గీశారు. ఫ్యాక్టరీ జట్టుకీ బొంబాయి జట్టుకీ ఆట. క్యాంపు మొత్తం వచ్చి ఖాళీ డ్రమ్ముల మీదా, అట్టముక్కల మీదా కూర్చుంది. ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే, మేం తెలుగులో గొణుక్కోవడం విని ఒకతను లేచొచ్చాడు.

"ఏ ఊరక్కా మీది? గీడ కూసోండ్రి. నా పేరు భోజన్న, జగిత్యాల దిక్కు. ఓ పోరగాండ్లూ, జర్రంత జరుగుండ్రి, ఆడోళ్ళచ్చిండ్రు" అని తన అట్టముక్క తుడిచి పరిచాడు. మా ఆయనకి ఫుట్‌బాలంటే చాలా ఇష్టమనుకుని ఆ జట్టు సంగతీ ఈ జట్టు సంగతీ చెప్పబోయాడు. బావ ఒక్క ముక్క వినలేదు. అతని చూపంతా గోలు దగ్గరే.

ఆట మొదలవక ముందు సామ్సన్ గోలు దగ్గర ఒక్కడే ఒళ్ళు వేడి చేసుకుంటున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. బావ చొక్కా సర్దుకుని లేచాడు. నేనూ దీన చెయ్యి పట్టుకుని వెనకే నడిచాను. పందెం నాది కూడా కదా, నా చెవులతో వినాలి.

"సామ్సన్ భాయ్" అని పిలిచాడు బావ. "మేరా నామ్ ఏలీయా."

ఆయన తిరిగి చూసి నవ్వాడు. "ఏలీయా? బహుత్ అచ్ఛా నామ్" అన్నాడు.

బావ గ్రౌండు చుట్టూ కట్టిన తాడు మీదుగా వంగి, నాకే వినీ వినపడనంత మెల్లగా, దారి పొడుగునా తోముకున్న ఆ మాట అన్నాడు. "షబ్బత్ షాలోమ్."

ఆ నవ్వు పోయింది. అంత తొందరగా ఒక ముఖంలోంచి నవ్వు పోవడం నేను చూడలేదు. ఆయన మా వెనకాలకి చూశాడు. ఫ్యాక్టరీ ముదీర్, అంటే అక్కడి అరబ్బు అధికారి, తెల్లటి పొడుగు కందూరా తొడుక్కున్న పెద్దమనిషి, బొంబాయి జట్టు మేనేజరుతో మాట్లాడుతూ అటే వస్తున్నాడు.

"మై ఈసాయీ హూఁ భాయ్" అన్నాడు సామ్సన్, అందరికీ వినపడేట్టు. "ఆప్‌కో గలతీ హుయీ. మాది బొంబాయి, చర్చికి పోయేవాళ్ళం."

"క్యా చాహియే ఇస్‌కో?" అని మేనేజరు అడిగాడు.

"కుఛ్ నహీఁ. ఫొటో అడుగుతున్నాడు" అని చెప్పి, వెనక్కి తిరిగి బంతి తీసుకున్నాడు.

వెనక్కి వచ్చి కూర్చున్నాం. ఆట మొదలైంది. నేను పందెం గెలిచాను. గెలిచినందుకు సంతోషం కలగలేదంటే అబద్ధం. కలిగింది. రాజ్యం హాలు, చాపలు, అందరూ కలిసి ఎత్తుకునే పాట, కళ్ళముందు కదిలాయి. తరవాత పక్కకి చూశాను. బావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా కూర్చున్నాడు. చుట్టూ క్యాంపంతా కేకలు వేస్తోంది. అతనికి ఒక్క కేక కూడా వినపడుతున్నట్టు లేదు. నా సంతోషం అక్కడితో ఆఖరు.

రెండో సగంలో ఫ్యాక్టరీ కుర్రాడెవడో గట్టిగా తన్నిన బంతికి సామ్సన్ ఎగిరి, గోలు కొయ్యకి చెయ్యి గుద్దుకుని పడిపోయాడు. లేచి చెయ్యి పట్టుకుని చూస్తే చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉంది. డాక్టరెవరని అడిగితే ఫ్యాక్టరీ కాంపౌండరు ఊరెళ్ళాడన్నారు. నేను నర్సునని మాటల్లో విన్న భోజన్న వెంటనే లేచి, "మా అక్క డాక్టరమ్మనే! యల్లా అక్కా!" అని అరిచాడు.

నేను బావని చూశాను. "పో, నీ పని గదా. నేను దీనని చూసుకుంటా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

గ్రౌండు పక్కనే రేకుల గది. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, ఐసు తెప్పించాను. ఇంకో కీపరు దిగాడు, ఆట మళ్ళీ మొదలైంది. మేనేజరు కాసేపు నిలబడి, కేకలు వినపడగానే బయటికి పరిగెత్తాడు. వేలుని లాగి సరిచేశాను. ఆయన కిక్కురుమనలేదు. పక్క వేలుకి జోడించి ప్లాస్టరు చుడుతుంటే, తలుపు వైపు ఒకసారి చూసి, హిందీలో మెల్లగా అడిగాడు.

"ఆయన మీ ఆయనా బెహెన్? పేరు నిజంగా ఏలీయానేనా?"

"నిజమే. తల్లిదండ్రులు పెట్టిందే."

"నిజంగా మా... ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడు? ఎక్కడివాళ్ళు మీరు?"

ఆంధ్రా అన్నాను. ఊరూ, పల్లే, పెద్దమనుషుల సంగతీ, సబ్బాతూ, పరదాలూ అన్నీ చెప్పేశాను. వేలు నా చేతిలో ఉంది కదా, వినక ఎక్కడికి పోతాడు? వింటూ వింటూ ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"బెహెన్, మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది" అన్నాడు. "కొత్త ఇల్లు కట్టినా, జబ్బు తగ్గినా, దూరం ప్రయాణమైనా ఏలీయా ప్రవక్త పేరిట ఒక పళ్ళెం పెడతాం. తీపి అటుకులు, కొబ్బరి, ఐదు రకాల పళ్ళు, పైన ఒక గులాబీ పువ్వు. ఆయన ఎప్పుడో ఒకప్పుడు మన గుమ్మంలోకి వస్తాడని మా పెద్దవాళ్ళ నమ్మకం. నేను ఇక్కడికి బయల్దేరిన రోజున మా అమ్మ పళ్ళెం పెట్టి పంపింది. ఆ పేరున్న మనిషే ఇవాళ వచ్చి నా గోలు దగ్గర నిలబడ్డాడు. నేనేమో అతనెవరో తెలియనట్టు తిరిగిపోయాను."

వీసా కాగితాల్లో మేనేజరు కిరస్తానీ అని రాయించాడట. నోరు జారావంటే నీతోపాటు జట్టు మొత్తాన్ని విమానం ఎక్కిస్తారని బొంబాయిలోనే చెప్పి తెచ్చాడట.

ఇవన్నీ సరే, నాకు కావలసింది వేరే. "అదంతా కాదు. నా మొగుడు మీవాడేనా కాదా? ఒక్క మాట చెప్పండి, నాకు కావాలి" అన్నాను, ఇంజెక్షన్ వేయించుకోని మొండి రోగిని కసిరినట్టు.

ఆయన నవ్వాడు. "ఊరూ పేరూ తెలియని మనిషికి షబ్బత్ షాలోమ్ చెప్పడానికి పెళ్ళాం బిడ్డల్ని వేసుకుని ఇంత ఎడారి దాటి వచ్చాడు. అతను మావాడు కాకపోతే నేనూ కాదు. చెప్పు బెహెన్, నా తరఫున చెప్పు. షబ్బత్ షాలోమ్ అన్నానని చెప్పు. ఇక్కడ మాత్రం వద్దు. బండి ఎక్కి దూరం పోయాక చెప్పు."

అంటే నేను ఓడిపోయాను. రాజ్యం హాలు తలుపు మూసుకుపోయింది. ప్లాస్టరు చివర కాస్త గట్టిగానే లాగి అంటించాను, పాపం. అయినా గుమ్మం దాటి వస్తుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇంత మంచి కబురు మోసుకుంటూ బావ దగ్గరికి నేనెప్పుడూ నడవలేదు.

ఆట ఎవరు గెలిచారో ఇప్పటికీ నాకు తెలియదు. భోజన్న క్యాంపులో చాయ్ తాగి పొమ్మన్నా ఆగలేదు. దుబాయ్ దాటేసరికి దీన నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. కుడిపక్క సముద్రం వైపు పొద్దు దిగుతోంది. ఈ వేళకి ఇంట్లో ఉంటే పరదాలు లాగేవాళ్ళం. పొద్దు పూర్తిగా మునిగింది. బావ అటు తల తిప్పలేదు, బండి నెమ్మదించలేదు.

"సబ్బాతు వచ్చింది బావా" అన్నాను.

"ఖలాస్ లీలా" అన్నాడు. "పైవారం మిమ్మల్ని రాజ్యంగారింటికి దింపుతా."

ఇక ఆగలేక చెప్పేశాను. రేకుల గదిలో ఆయన అడిగింది, భయపడి అబద్ధమాడింది, షబ్బత్ షాలోమ్ చెప్పమన్నది, అన్నీ. బావ బండి పక్కకి తీసి ఆపాడు. నా వైపు తిరిగాడు.

"నిజంగా అన్నాడా? అతని నోటితో అన్నాడా?"

"అన్నాడు బావా. అతను మావాడు కాకపోతే నేనూ కాదు అన్నాడు."

అతని ముఖంలోకి ప్రాణం రావడం నేను చూశాను. "ఇంకా? ఇంకా ఏమన్నాడు?" అన్నాడు చిన్నపిల్లాడిలా. అతన్ని పూర్తిగా నమ్మించాలని, నాకు తెలియనిది, నేను కల్పించలేనిది ఒకటి ఉంది కదా అని, ఆ పళ్ళెం సంగతి చెప్పాను. ఏలీయా పేరిట పెడతారట బావా, నీ పేరే. తీపి అటుకులు, కొబ్బరి, ఐదు రకాల పళ్ళు, పైన పువ్వు.

చెబుతుండగానే అతని ముఖం ఆరిపోయింది.

"అటుకులూ కొబ్బరా" అన్నాడు. "పువ్వు కూడానా? లీలా, అది ఊళ్ళో వినాయకుడికి పెట్టే పళ్ళెం. గుడి బయట మనల్ని దూరంగా నిలబెట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు, మర్చిపోయావా? దాన్ని ఇడిసి గదా మనం ఇంత దూరం వచ్చింది. యూదులు అటుకులు పెట్టటం ఏంది?"

"నాకేం తెలుసు? అతను చెప్పిందే చెప్పా. దీన మీద ఒట్టు."

"బిడ్డ మీద ఒట్లు వద్దు." అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నా ముఖం చూడలేక చెప్తన్నావు. నీకు తెలిసిన ప్రసాదం తెచ్చి ఆ మనిషి నోట్లో పెట్టావు."

"పందెం ఓడిపోతానని తెలిసి అబద్ధం ఎందుకు చెప్తా బావా? నాకు రాజ్యం ఇంటికి పోవాలని లేదా?"

"అదేగా. ఆ కూటం అంటే నీకెంత ప్రాణమో నాకు తెలవదా? దాన్ని కూడా వదులుకుని చెప్తన్నావంటే, ఇవాళ నేను నీకు ఎంత దిక్కులేనోడిలా కనపడ్డానో." నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "నువ్వు మంచిదానివి లీలా."

నేను అరిచాను, ఏడ్చాను, దీన లేచి బిక్కమొహం వేసింది. బండి వెనక్కి తిప్పు, ఆయన్నే అడుగుదాం అన్నాను. "మళ్ళీ అందరిలో కాదనిపించుకోమంటావా?" అన్నాడు. ఎన్నేళ్ళు అతన్ని ఎగతాళి చేశానో అన్నీ అప్పుడు నాకు అడ్డం నిలబడ్డాయి. అన్నాళ్ళూ నేను నమ్మలేదు, ఇవాళ నన్ను అతనెలా నమ్ముతాడు?

పైవారం మాట ప్రకారం దింపాడు. నేను వద్దన్నా వినలేదు, పందెం పందెమే అన్నాడు. రాజ్యం గుమ్మంలోనే వాటేసుకుని ఏడ్చింది. దీనని అందరూ ముద్దులాడారు. చాపలు, పాటల పుస్తకాలు, వంటింట్లోంచి రొయ్యల కూర వాసన, ఏదీ మారలేదు. బావ లోపలికి రాలేదు. కిటికీలోంచి చూస్తే పికప్‌లో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాడు.

"ఆయన్నీ రమ్మనరాదా లీలా? ఒక్కడే ఎందుకు అట్టా?" అంది రాజ్యం.

"రాడు" అన్నాను.

ప్రార్థనలో రాజ్యం మా పేర్లు ఎత్తింది. ఏలీయాగారి మనసు మార్చి ఈ కుటుంబాన్ని తిరిగి తెచ్చినందుకు స్తోత్రం అంది. అందరూ ఆమేన్ అన్నారు. నాకు నోరు రాలేదు. నా మొగుణ్ణి మావాడు అన్న మనిషి లోకంలో ఒకడున్నాడు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్ని. చెబితే వీళ్ళు వినరు, అతను నమ్మడు. కంచంలో రొయ్యలు వేశారు, తినలేకపోయాను.

ఆ సాయంత్రం పొద్దుగూకే వేళకి బావ పరదాల జోలికి పోలేదు. కాగితం తియ్యలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నేనే లేచి పరదాలు లాగాను. కొవ్వొత్తులు వెలిగించాను. ఎవరూ చెప్పకుండా, ఎవరి కోసమో కాకుండా వెలిగించడం అదే మొదటిసారి. తరవాత గది వైపు తిరిగి, "షబ్బత్ షాలోమ్ బావా" అన్నాను.

తరవాత లోపలినుంచి, "షబ్బత్ షాలోమ్ లీలా" అన్నాడు. నన్ను చిన్నబుచ్చకూడదని అన్నాడని ఆ గొంతులోనే తెలిసిపోయింది.